స్లాబు కారుతోందని అద్దె ఆపేయవచ్చా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఒక ఇండిపెండెంట్ ఇంటి పై పోర్షన్‌లో ఉంటున్నాం. అద్దె 15,000, అడ్వాన్సు 30,000. వానపడితే పడకగది స్లాబు కారుతోంది, పెచ్చులు ఊడుతున్నాయి. స్విచ్ బోర్డు ముట్టుకుంటే షాక్ కొడుతోంది. ఎప్పుడడిగినా ఓనరుగారు ‘చూద్దాం’ అంటున్నారు. మేస్త్రీని అడిగితే 22,500 అవుతుందన్నాడు. అద్దె కట్టడం ఆపేసి, అడ్వాన్సులో తీసుకోమనండని బంధువుల సలహా. అలా చేయవచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఆ గదికి కరెంటు ఆపించి, ఈరోజే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండమ్మా. చెమ్మ పట్టిన బోర్డు ప్రాణాంతకం. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

అద్దె మాత్రం ఆపకండి. ఇప్పటిదాకా తప్పు ఓనరుది. అద్దె బాకీ పడితే తప్పు మీ వైపుకు తిరుగుతుంది, ఇల్లు ఖాళీ చేయించడానికి ఆయనకు కారణం దొరుకుతుంది. అడ్వాన్సులో సర్దుకోవాలన్నా ఆయన రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

మీ పరిస్థితికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ఉపయోగపడుతుంది. యజమాని చేయించాల్సిన మరమ్మతును, నోటీసు అందాక తగిన గడువులో చేయించకపోతే అద్దెదారే చేయించి, ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ఇందులో ‘యజమాని చేయించాల్సిన’ అన్న మాటే కీలకం. అందుకే ముందు మీ అగ్రిమెంటు తీసి, పెద్ద మరమ్మతులు ఎవరివని రాసుకున్నారో చూడండి. ఓనరువని ఉంటే మీకు బలం ఉన్నట్టే. ఏమీ రాయకపోతే న్యాయవాదిని అడగకుండా ఒక్క రూపాయి కూడా కోయకండి. కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టం స్లాబు, వైరింగు వంటివి యజమానికే అప్పగించింది. అయితే అది రాష్ట్రం చట్టంగా చేస్తేనే అమలవుతుంది. ఓనరుతో మాట్లాడేటప్పుడు ప్రస్తావించడానికి పనికొస్తుంది.

నోటీసు సూటిగా, కోపం లేకుండా ఉండాలి. ‘ఫలానా తేదీ నుంచి పడకగది స్లాబు కారుతోంది, స్విచ్ బోర్డుకు షాక్ వస్తోంది. ఫొటోలు, మేస్త్రీ ఇచ్చిన అంచనా జతచేశాను. 15 రోజుల్లో చేయించండి. లేదంటే నేనే చేయించి అద్దెలో మినహాయించుకుంటాను’ అంటే చాలు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, వాట్సాప్‌లోనూ పెట్టండి. మరో మేస్త్రీ దగ్గర కూడా అంచనా తీసుకోండి.

ఇక డబ్బు లెక్క. మినహాయింపు ఏ నెలలోనూ సగం అద్దె దాటకూడదన్నది ఆ నమూనా చట్టంలోని నియమం. దాన్నే పాటించడం క్షేమం. నెలకు 7,500 చొప్పున మూడు నెలల్లో మీ డబ్బు తిరిగొస్తుంది. మిగతా 7,500 తేదీ తప్పకుండా బ్యాంకు ద్వారానే కట్టండి. అగ్రిమెంటు గడువు మూడు నెలలకన్నా తక్కువ ఉంటే, మరొకరి స్లాబు మీద మీ పొదుపు ఖర్చు చేయడం నాకు ఇష్టం లేదు. అప్పుడు ఇల్లు మారడమే మేలు. అయితే కొత్త అడ్వాన్సు, బ్రోకరు కమీషను, సామాను తరలింపు ఖర్చు ముందే పక్కన పెట్టుకోండి. పాత అడ్వాన్సు చేతికి రావడం ఆలస్యం కావచ్చు.

ఓనరుతో మాట్లాడేటప్పుడు ఇంకో మాట గుర్తుచేయండి. అద్దె ఆదాయంపై పన్ను లెక్కించేటప్పుడు, ఆస్తిపన్ను పోగా మిగిలినదానిలో 30 శాతం మినహాయింపు వస్తుంది, మరమ్మతుకు రూపాయి ఖర్చు పెట్టకపోయినా సరే. మీ ఇంటి అద్దె మీద అది ఏడాదికి సుమారు 54,000. పన్ను కట్టే ఓనరు అయితే ఆలోచిస్తారు.

అప్పటికీ కదలకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ అక్కడ న్యాయసహాయం ఉచితం. హెల్ప్‌లైన్ 15100. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలిపించవచ్చు. అక్కడ కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు.

ఒకవేళ ఇల్లు మారితే, స్లాబు, పైపులు, వైరింగు మరమ్మతులు యజమానివేనని, చెప్పిన గడువులో చేయించకపోతే అద్దెలో మినహాయించుకోవచ్చని అగ్రిమెంటులో రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.