రోలర్ల మీద అంకె తగ్గిందని ఇంజను విప్పించకు

విజయవాడ, ఆటోనగర్

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన డైనో కాగితం, అదే చక్రాలను రోలర్ల మీద తిప్పి బండి బలం కొలిచే మిషను ఇచ్చిన కాగితం, చూశాను. కంపెనీ 115 పీఎస్ అని చెప్పిన కారుకు చక్రాల దగ్గర 97 హార్స్‌పవరే వచ్చిందని బెంగ పెట్టుకున్నావు. గుంటూరులో ఎవరో ఇంజను విప్పి బోరు చేయించమన్నారని, అంటే సిలిండర్ల లోపల చెక్కించమన్నారని కూడా రాశావు. ఇంజను మీద ఎవరినీ చేయి వేయనివ్వకు.

ముందు కొలమానం సరిచూసుకో. పీఎస్ అంటే 735.5 వాట్లు, హార్స్‌పవర్ అంటే 745.7 వాట్లు. కాబట్టి కంపెనీ చెప్పిన 115 నీ కాగితం లెక్కలో సుమారు 113. ఇక మిగిలిన తేడా 16. అది దారిలో ఖర్చయిన బలం. కంపెనీవాళ్లు ఇంజనును బెంచి మీద పెట్టి క్రాంక్ షాఫ్ట్ చివర, అంటే ఇంజనులోంచి బలం బయటికొచ్చే ఇరుసు దగ్గరే కొలుస్తారు. నువ్వు కొలిపించుకున్నది రోలర్ల మీద, టైర్ల దగ్గర. మధ్యలో గేరుబాక్సు, డిఫరెన్షియల్, యాక్సిల్ షాఫ్టులు, బేరింగులు ఉన్నాయి. ఆఖరున టైరు కూడా రోలరు మీద నలుగుతూ తన వాటా తీసుకుంటుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లన్నీ కాలువ చివరి పొలానికి చేరతాయా? ముందు చక్రాలతో నడిచే మాన్యువల్ కారుకు పది నుంచి పదిహేను శాతం పోవడం మామూలే. నీకు పోయింది పద్నాలుగున్నర.

గుంటూరు నుంచి ఇక్కడికి రాగానే బండిని లిఫ్టు మీదకు ఎక్కిద్దాం. సైలెన్సర్ గొట్టం తగలకుండా గేరుబాక్సు దగ్గరగా అరచేయి పెట్టి చూడు. ఆ వేడిలో ఇంజను నుంచి పాకినది కొంత ఉన్నా, మిగతాది గేరు పళ్లు రాసుకుని, ఆయిలు చిలికి పుట్టిందే. నీ బలం అక్కడ పోతోంది.

ముందు చక్రాలు రెండూ ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, న్యూట్రల్‌లో ఒకదాన్ని చేత్తో తిప్పు. బ్రేకు ప్యాడ్ డిస్కును బరబరా రాస్తున్నా, బేరింగు గరగరలాడినా ముందు దాన్ని బాగుచేయించు. బోరు ఖర్చుతో పోలిస్తే అది ఏపాటిది! టైర్లలో గాలి తగ్గినా అంకె పడిపోతుంది. మన మే నెల ఎండనూ మరిచిపోకు. 45 డిగ్రీల గాలి 25 డిగ్రీల గాలి కన్నా ఆరు శాతం దాకా పలచన, ఇంజనుకు అందే ఆక్సిజన్ కూడా అంత తగ్గుతుంది. ఆ 97 వాతావరణానికి సరిచేసిన అంకేనా కాదా అని మిషను వాళ్లను అడిగి తెలుసుకో.

కొందరు చక్రాల అంకెకు పదిహేను శాతం కలిపేసి ఇదే నీ ఇంజను బలమని రాసిస్తారు. ఆ లెక్క నమ్మవద్దు. నష్టం అన్ని బండ్లకూ ఒకటి కాదు, మిషనుకూ మిషనుకూ కూడా అంకె మారుతుంది. అదే మిషను మీద, అదే గేరులో, టైర్లలో అంతే గాలితో మళ్లీ కొలిపించు. రెండు కాగితాలూ కలిపి పంపు. రెండోది 97 కన్నా బాగా కిందికి దిగితే అప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూద్దాం.

మీ మావయ్య