గడియ పెట్టబోయే ముందు

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు నాటింగ్‌హామ్‌లో టెర్రస్ ఇల్లు కొంటున్నావని చెబుతుంటే అన్నయ్య గొంతు ఊరంతా వినపడేలా ఉంది. వెనకనుంచి మీ అమ్మ, "టెర్రస్ అంటే డాబాయేనా, పైన వడియాలు పెట్టుకోవచ్చా?" అని అడుగుతోంది. కాదొదినా, ఒకే గోడకి అటొకటి ఇటొకటి ఆనుకుని రైలుపెట్టెల్లా వరసగా ఉండే ఇళ్లు అని చెప్పాను. కాస్త నిరుత్సాహపడింది గానీ, కొడుకు ముప్ఫై నిండకుండానే ఇంగ్లండులో ఇల్లు కొంటున్నాడన్న సంబరం ముందు అదెంతసేపు?

నాకూ సంబరమే. మీ మామయ్య ఉండుంటే ఈపాటికి కారు తీసేవారు.

కానీ నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాను. ఏడో ఫోటోలో వంటగది తలుపుకి రెండడుగుల అవతల ఇటుకలు పరిచిన సన్నటి బాట ఉంది. అది పక్కింటి కంచెలో ఉన్న చెక్క గేటు దాకా పోతోంది. దాని కింద నువ్వు రాసిన మాట, "అత్తా, ఈ గేటు ఎవరూ వాడరట, అమ్మేవాళ్లు చెప్పారు. మూసేసి వంటగది వెనక్కి జరుపుదాం అనుకుంటున్నాం." అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు.

మిగతావన్నీ నీకు తెలిసినవే. చెమ్మ ఉందేమో గోడలు చూపించు. బాయిలర్ వయసెంతో అడుగు. నూరేళ్లు దాటిన ఇల్లు కాబట్టి సర్వే లెవెల్ 3, అంటే ఇల్లంతా క్షుణ్ణంగా చూసేది, చేయించు, డబ్బు చూసుకోకు. మేడమీద గదుల్లో ఏదైనా కింద సందు మీదుగా కట్టి ఉంటే ఆ సంగతి నీ కాగితాలు చూసే ప్లీడరుకి, అదే సొలిసిటర్‌కి, మరీ మరీ చెప్పు. అంతే. ఇక ఆ గేటు దగ్గరికి వస్తాను.

ఆ బాట ఎందుకుందో ముందు తెలుసుకో. ఆ ఇళ్లు కట్టిన రోజుల్లో పొయ్యిలోకి బొగ్గు రావాలి, పొయ్యిలోంచి బూడిద పోవాలి, మరుగుదొడ్డి పెరటి చివర ఉండేది. ఇవన్నీ ముందుగదిలోంచి మోసుకుపోలేరు కదా. అందుకని నాలుగేసి ఇళ్లకి నడుమ ఒక సందు వదిలారు. రెండో ఇంటికీ మూడో ఇంటికీ మధ్య పైన కప్పు ఉన్న సందు. దాన్ని ఎంట్రీ అంటారు. కప్పు లేని సందులకి ఊరికో పేరు. మా లెస్టర్‌లో జిట్టీ, మీ నాటింగ్‌హామ్‌లో ట్విచెల్, యార్క్‌షైర్ వాళ్లకి గినెల్. ఆ సందు చేరాలంటే మొదటి ఇంటివాళ్లు రెండో ఇంటి పెరట్లోంచే నడవాలి. వేరే దారి లేదు. నువ్వు కొంటున్నది రెండో ఇల్లు.

1984లో మేం లెస్టర్‌లో కొన్నదీ రెండో ఇల్లే.

మొదటి ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది. డెబ్బై దాటింది, ఒంటరి. వయసులో ఉన్నప్పుడు హోజరీ మిల్లులో పనిచేసిందట, వేళ్లు వంకర తిరిగిపోయి ఉండేవి. మంగళవారం మంగళవారం బూడిద బకెట్టు పట్టుకుని మా వంటింటి కిటికీ ముందునుంచి వెళ్లేది. వెళ్తూ వెళ్తూ గోటితో అద్దం మీద టకటకమనేది. మా పిల్లది అప్పటికి నడక కూడా రాలేదు, ఆ చప్పుడికి ఎక్కడున్నా పాక్కుంటూ వచ్చేసేది. రెండు వారాలకోసారి బొగ్గువాడు మూటలు వీపున వేసుకుని అదే దారిన వచ్చేవాడు. మొదట్లో మాకేం అనిపించలేదు. పాపం ముసలావిడ, పోనిద్దాం అనుకున్నాం. తప్పంతా ఆ "పోనిద్దాం" దగ్గరే మొదలైందిరా.

1986 జులైలో నాలుగు రోజులు వరసగా ఎండ కాసింది. ఇంగ్లండులో నాలుగు రోజుల ఎండంటే నీకు తెలుసుగా. పెరట్లో గడ్డి ఇంకా తడిగానే ఉంది, ఎండిన చోటంటే ఆ ఇటుకల బాట ఒక్కటే. మీ మామయ్య పాత పంచె దానిమీద పరిచి, నాలుగు పక్కలా రాళ్లు పెట్టి, సగ్గుబియ్యం వడియాలు పెట్టాను. ఇక్కడికొచ్చాక మొదటిసారి. వరసలు వరసలుగా. లోపలికెళ్లి పిల్లదానికి స్నానం చేయించి వచ్చేసరికి బొగ్గువాడు వచ్చి వెళ్లిపోయాడు. పంచె నడుమ రెండు బూటు అచ్చులు, మిగతా వడియాల మీదంతా బొగ్గు నుసి.

అక్కడే కూలబడి ఏడ్చాను. వడియాల కోసం ఏడవలేదని ఇప్పుడు తెలుస్తోంది. ఊరు మీద బెంగ అది. అప్పుడు మాత్రం కోపమంతా ఆ దారి మీదికి పోయింది. మీ మామయ్య నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న మనిషి లేచొచ్చి, "అసలు మన పెరట్లోంచి ఊళ్లోవాళ్లంతా పోవడమేంటి" అన్నారు. ఆదివారం బజారుకెళ్లి ఆరంగుళాల ఇనప గడియ తెచ్చి, గేటుకి మా వైపునుంచి బిగించారు. స్క్రూలు ఒక్కొక్కటే అందించింది నేనే.

మంగళవారం వచ్చింది. గేటు ఊగిన చప్పుడు. ఇంకోసారి. తర్వాత పిలిచింది, కోపంగా కాదు, ఇంట్లో ఉన్నానో లేనో కనుక్కుంటున్నట్టు. నేను కొళాయి కట్టేసి, సింకు దగ్గర ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. పిల్లది మామూలుగానే కిటికీ దగ్గరికి పాక్కుంటూ పోతోంది. ఎత్తుకుని నోరు మూశాను. ఎవరికీ చెప్పలేదు ఈ మాట. మీ మామయ్యకి కూడా.

ఆరు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. సొలిసిటర్ దగ్గరినుంచి. 1921 నాటి దస్తావేజులోని వాక్యం అందులో దించారు. బూడిద, బొగ్గు, చెత్త తీసుకుపోవడానికి, కాలినడకన, తోపుడు బండితో గానీ లేకుండా గానీ, తగిన వేళలన్నిటా ఆ బాట వెంట నడిచే హక్కు మొదటి ఇంటికి ఉందని. మేం దయతలచి పోనిస్తున్నాం అనుకున్న దారి మేం పుట్టకముందే ఆ ఇంటికి రాసిచ్చేసి ఉంది. పైగా అదే వాక్యం మా కాగితాల కట్టలోనూ ఉంది. రెండేళ్లుగా మా బీరువాలోనే ఉంది. ఇంటి ధర ఉన్న పేజీ చూశాం, తాళాలు తీసుకున్నాం.

గడియ ఊడదీశాం. రెండువైపులా సొలిసిటర్ల ఖర్చు మాదే అయింది, రెండు నెలల కిస్తీ అంత. అది పెద్ద విషయం కాదు. క్షమించమని చెప్పడానికి ఆవిడ ఇంటికెళ్లాను. తలుపు తీసింది. ముందుగదిలో తివాచీ మీద, వెనక తలుపు నుంచి వీధి తలుపు దాకా, పాత న్యూస్‌పేపర్లు వరసగా పరిచి అంచులు టేపుతో అంటించి ఉన్నాయి. మధ్యలో నల్లగా అడుగుల దారి. ఆరు వారాలు ఆ ముసలావిడ బూడిద బకెట్టు, ఆ బొగ్గు మూటలు తన ముందుగదిలోంచే నడిచాయి. కూర్చోమంది. టీ ఇచ్చింది. నేను చెప్పాలనుకున్నది చెప్పాను, ఫర్వాలేదంది.

ఆ తర్వాత కూడా మంగళవారాలు అలాగే వెళ్లేది. కిటికీ మాత్రం ఎప్పుడూ కొట్టలేదు. పిల్లది ఇంకో రెండు నెలలు ఆ వేళకి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడేది, అప్పటికి నిలబడటం వచ్చింది.

సరే. ఇక నీ సంగతి.

"ఎవరూ వాడరు" అన్నది అమ్మేవాళ్ల మాట. వాడకపోతే హక్కు పోతుందని ఎవరు చెప్పారు నీకు? ఈ దేశంలో రాసిచ్చిన దారి హక్కు ఊరికే వాడకపోయినంత మాత్రాన చావదు. 175 ఏళ్లు ఎవరూ నడవని దారి విషయంలో కూడా హక్కు వదులుకున్నట్టు కాదని 1992లో కోర్టు చెప్పింది. ఇప్పుడా పక్కింట్లో సైకిలు లేని కుర్రాడెవడో ఉండొచ్చు. రేపు ఆ ఇల్లు కొన్నవాళ్లు చెత్తడబ్బా పట్టుకుని ఆ గేటు తోసుకుని వస్తారు, వాళ్లకి ఆ హక్కు ఉంటుంది.

మన ఊళ్లో దస్తావేజు చదివితే నిధి నిక్షేప జల పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యములనే అష్టభోగాలూ నీవే, పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించు అంటుంది. చదవగానే రాజు అయిపోయినట్టుంటుంది. ఇక్కడి కాగితం అలా మురిపించదు. ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో 7 పౌండ్లు కడితే రిజిస్టర్ కాపీ వస్తుంది. ఏ, బీ, సీ అని మూడు భాగాలు. ఏలో ఇల్లు, దానికున్న హక్కులు, బీలో యజమాని పేరు, సీలో ఇంటి మీదున్న అప్పులు, ఇతరుల హక్కులు. ఏ, సీ రెండూ అక్షరం వదలకుండా చదువు. ప్లాను వేరేగా తీసుకో, ఎర్రగీత నీ హద్దు, లోపల గోధుమరంగో ఇంకో రంగో పూసి ఉంటే ఆ రంగు దేనికో రిజిస్టర్‌లో వెతుకు. ఇంకో 7 పౌండ్లు పెట్టి పక్కింటి రిజిస్టర్ కూడా తెప్పించు. నీ కాగితంలో లేని మాట వాళ్ల కాగితంలో ఉండొచ్చు. కాగితంలో ఎక్కడా లేకపోయినా, 20 ఏళ్లు ఎవర్నీ అడక్కుండా, దాక్కోకుండా, జబర్దస్తీ లేకుండా నడిస్తే అదీ హక్కే అవుతుంది. 1832 నాటి చట్టం.

20 ఏళ్లు అనగానే నాకు మీ తాతయ్య గుర్తొస్తారు. ఇంగ్లీషువాళ్లు ఇదే లెక్క 1882 నాటి చట్టంలో మన దగ్గరా రాశారు. కాలవగట్టు మీదికి వెళ్లే బండిబాట కోసం మీ తాతయ్య దావా వేశారు, సొంత పెదనాన్న కొడుకు మీద. "శాంతియుతముగా, బహిరంగముగా, హక్కుగా" అని ప్లీడరు రాసిన ముక్కలు నాకు చిన్నప్పుడే నోటికొచ్చు. వాయిదాకి వెళ్లిన రోజు ఇంట్లో అన్నం సయించేది కాదు. గెలిచారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని ఊరికే అనలేదు. ఆ ఇంటి పెళ్లికి మాకు పిలుపు లేదు, నా పెళ్లికి వాళ్లు రాలేదు. మీ నాన్న ఇప్పటికీ ఆ బాట పేరెత్తితే మాట మారుస్తాడు, చూడు. అందుకే నాకింత భయం. నువ్వు దీన్ని ముసలిదాని చాదస్తం అనుకున్నా ఫర్వాలేదు.

వంటగది సంగతి. ప్లానింగ్ పర్మిషన్ లేకుండా వెనక్కి 3 మీటర్లు కట్టుకోవచ్చని నువ్వు చదివింది నిజమే. కానీ కౌన్సిల్, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, లెక్క వేరు, పక్కింటి హక్కు వేరు. కౌన్సిల్ సరేనన్నా ఆ బాట మీద గోడ లేస్తే పక్కింటివాళ్లు కోర్టుకెళ్లి కూలగొట్టమనొచ్చు. బాటని నీ అంతట నువ్వు పెరటి చివరికి జరపడమూ కుదరదు. హక్కున్న వాళ్లంతా ఒప్పుకుని సంతకాలు పెట్టి, రిజిస్టర్‌లో మార్పించాలి. అది చేయాలనుంటే ఇల్లు కొనకముందే అడిగించు. గేటు పెట్టుకోవచ్చు, తాళమేసి తాళంచెవులు అందరికీ ఇచ్చినా చాలాసార్లు చెల్లుతుంది. లోపలినుంచి గడియ మాత్రం పెట్టకు. పెట్టకంటే పెట్టకు.

నువ్వే వెళ్లి పక్కింటి తలుపు కొట్టి నవ్వుతూ అడిగెయ్ అని చెప్పాలని ఉంది నాకు. కానీ ముందు సొలిసిటర్‌ని అడుగు. ఇలాంటివాటికి ఒక ఇన్సూరెన్సు ఉంటుంది, ముందే పక్కింటివాళ్లతో మాట్లాడితే అది చెల్లకపోవచ్చట. మనుషులతో మాట్లాడకుండా ఉంటేనే చెల్లే కాగితం నాకు నచ్చదు, అయినా కాగితం కాగితమే. ఒకవేళ హక్కేమీ లేదని తేలి, పక్కింటివాళ్లు అడిగితే, పోనివ్వు. పోనిస్తూ, "నా అనుమతితో" అని రెండు లైన్లు రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. అనుమతితో నడిచిన నడక 20 ఏళ్ల లెక్కలోకి రాదు. మీ ఆవిడ దాన్ని పిసినారితనం అనుకుంటుందేమో, నేను చెప్పానని చెప్పు. నీ చెత్తడబ్బా ఎవరి పెరట్లోంచి పోవాలో కూడా చూసుకో, మన హక్కు మనమూ వదలక్కర్లేదు.

శనివారం పదింటి రైలుకి వస్తున్నాను. స్టేషన్‌కి రావద్దు, నడిచి వస్తాను. మీ మామయ్య స్టీలు టేపు తెస్తున్నాను. ఇల్లు చూపించమని ఏజెంటుకి చెప్పి ఉంచు, వీలైతే చెత్తబండి వచ్చే రోజే ఇంకోసారి వెళ్దాం.

ఆ ఏడో ఫోటో మళ్లీ చూడు. గేటుకి బొటనవేలితో నొక్కే పాతకాలం గొళ్లెం ఉంది. గొళ్లెమంతా తుప్పు. వేలు ఆనేచోట మాత్రం రూపాయి బిళ్లంత మేర తళతళ మెరుస్తోంది.

మీ అత్త