సంతలో కొన్న గేదెకు పాత ట్యాగ్ ఉంటే తీసేసి కొత్తది వేయించాలా?

ప్రశ్న: సంతలో రెండు గేదెలు కొన్నాం. ఒకదాని చెవికి పసుపు ట్యాగ్ ఉంది. రెండోదాని ట్యాగ్ ఊడిపోయి చెవి చీలింది. రెండిటికీ కొత్తవి వేయించాలా?

మొదటిదానికి వద్దండి. ట్యాగ్ మీదున్న 12 అంకెల నంబరు గేదెది, యజమానిది కాదు. ఎన్ని చేతులు మారినా అదే నంబరు. దాన్ని కోసేసి కొత్తది కొట్టిస్తే భారత్ పశుధన్ (పశువుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) రికార్డులో అది చరిత్రే లేని గేదె అయిపోతుంది. టీకాలు, సూదులు, ఈతలు అన్నీ పాత నంబరు కిందే ఉండిపోతాయి.

మార్చాల్సింది యజమాని పేరు. మీ ఆధార్, ఫోన్ నంబరు, అమ్మినవాళ్ల ఫోన్ నంబరు, పేడ తుడిచి ట్యాగ్‌కు తీసిన ఫొటోతో పశువైద్యశాలకు వెళ్లండి. ఆ నంబరును కంప్యూటర్‌లో కొట్టించి జాతి, వయసు, ఈతలు మీ గేదెతో సరిపోల్చండి. రెండో ఈత ముర్రా అని కొన్నది అక్కడ ఆవుగా కనిపిస్తే పేరు మార్చే ముందే అది తేల్చుకోవాలి. నిజానికి ఈ పని డబ్బు ఇచ్చేముందు చేయాల్సింది. బీమా చేయిస్తే ట్యాగ్ లేనిదే క్లెయిమ్ రాదు.

రెండోదానికి ముందు పాత నంబరు వెతికించండి, అమ్మినవాళ్ల పేరు మీద ఉండొచ్చు. దొరికితే 'కొత్త పశువు' అని కాకుండా ట్యాగ్ మార్పుగా ఎక్కించమని అడగండి. అడక్కపోతే తొందరలో కొత్త నమోదే చేసేస్తారు.

కొత్త ట్యాగ్ చీలిన చోట నిలవదు, రెండో చెవికి వేయించండి. చెవి మధ్యలో, రెండు మృదులాస్థి (మెత్తటి ఎముక) గీతల నడుమ, రక్తనాళం తగలకుండా పడాలి. అంచుకు దగ్గరైతే పలుపుకో కంచెకో తగులుకుని మళ్లీ చీలుతుంది. పిన్ను క్లిక్‌మని పూర్తిగా దిగాలి. సగం దిగినదాన్ని పీకి మళ్లీ వాడితే నిలవదు. పశువు మారినప్పుడల్లా అప్లికేటర్ (ట్యాగ్ కొట్టే పరికరం) పిన్నును యాంటీసెప్టిక్‌లో ముంచాలి. రంధ్రానికి అయోడిన్ రాసి వారం పాటు చూస్తుండండి. వానాకాలంలో ఈగలు వాలితే పురుగులు పడతాయి.

ఇంత పట్టుదల ఎందుకంటే, గాలికుంటు వ్యాధి సోకాక పుండ్లు బయటపడటానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది. అంటే నోట్లో పుండు కనిపించిన రోజు నుంచి రెండు వారాలు వెనక్కి వెళ్లి, ఆ గేదె ఏ సంతలో నిలబడింది, దాని పక్కవి ఏ ఊళ్లకు పోయాయి అని వెతకాలి. పేరు మారని ట్యాగ్ ఆ వెతుకులాటను అమ్మినవాళ్ల ఊళ్లోనే ఆపేస్తుంది.

బ్రూసెల్లోసిస్‌లో (చూడి పశువు ఈసుకుపోయే, అంటే గర్భం పోయే అంటురోగం) ఇంకో చిక్కు. ఆడదూడలకు 4–8 నెలల వయసులో ఒక్కసారే ఎస్-19 టీకా వేస్తారు. వయసు దాటాక వేస్తే టీకాతో రక్తంలో పుట్టే యాంటీబాడీలు (రోగాన్ని ఎదిరించే పదార్థాలు) చాలాకాలం ఉండిపోతాయి. తర్వాత ఆ గేదె ఈసుకుపోతే, రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చింది టీకా వల్లా, రోగం వల్లా అన్నది టీకా తేదీ లేకుండా తేలడం కష్టం.

ఈలోగా రెండిటినీ 21 రోజులు వేరే పాకలో కట్టండి. మీ పాతవాటికి మేత, పాలు అయ్యాకే వీటి దగ్గరకు వెళ్లండి. బకెట్, తాడు కూడా వేరుగా ఉంచండి.