తక్కువ విడిభాగాలతో ఎక్కువ దక్షత: ఇన్వర్టర్ డిజైన్‌లో నేను పాటించే పద్ధతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 12 వోల్టుల బ్యాటరీ, పల్సులిచ్చే సీడీ4047 ఐసీ, స్విచ్‌లుగా పనిచేసే రెండు ఐఆర్‌ఎఫ్3205 మాస్‌ఫెట్లు, ప్రైమరీ (బ్యాటరీ వైపు చుట్ట) మధ్య ట్యాప్‌తో రెండు సగాలైన ట్రాన్స్‌ఫార్మర్‌తో 300 వాట్ల ఇన్వర్టర్ కట్టారు. మాస్‌ఫెట్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి. భాగాలు పెంచకుండా దక్షత పెంచే దారి కావాలి.

ఇన్వర్టర్లు కట్టడం, పాడైనవి బాగుచేయడం చాలా కాలంగా నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఒకే భాగం చేత రెండు పనులు చేయించగలిగిన చోట సర్క్యూట్ చిన్నదవుతుంది, కరెంటు తగ్గించిన చోట దక్షత పెరుగుతుంది. ఈ రెండూ ఒకే డిజైన్‌లో కుదురుతాయి. అయితే మీ సర్క్యూట్‌ను సవరించుకుంటూ పోతే అక్కడికి చేరలేరు, అమరికనే మార్చాలి.

ముందు వేడి ఎక్కడ పుడుతోందో చూద్దాం. 300 వాట్ల లోడుకు నష్టాలు కూడా కలుపుకుంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 30 ఆంపియర్లు లాగాలి. ఐఆర్‌ఎఫ్3205 నిరోధం చల్లగా ఉన్నప్పుడు 8 మిల్లీఓమ్‌లు, బాగా వేడెక్కాక 12 దాకా వెళుతుంది. 30 వర్గాన్ని 0.012తో హెచ్చిస్తే 11 వాట్లకు కొంచెం తక్కువ. చిన్న హీట్‌సింక్ కూడా దీన్ని తట్టుకుంటుంది. మీరు చెప్పిన వేడికి ఈ లెక్క చాలదు, కాబట్టి మిగతాది సీడీ4047 దగ్గర వెతకాలి. దాని రెండు అవుట్‌పుట్లు ఒకటి పడుతుండగానే రెండోది లేస్తాయి, నడుమ విరామం ఉండదు. పైగా ఆ ఐసీ కొద్ది మిల్లీఆంపియర్లే ఇవ్వగలదు, మాస్‌ఫెట్‌ను ఆన్, ఆఫ్ చేసే గేటుకేమో 146 నానోకూలుంబుల దాకా ఛార్జి కావాలి. గేటు నిండడానికి, ఖాళీ కావడానికి పదుల మైక్రోసెకన్లు పడుతుంది. అంతసేపూ రెండు మాస్‌ఫెట్లూ సగం తెరుచుకునే ఉంటాయి. ప్రైమరీలోని రెండు సగాల అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడంతో బ్యాటరీకి ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు షార్ట్‌లా కనిపిస్తుంది. సెకనుకు వందసార్లు ఇదే జరుగుతుంది. ఆసిలోస్కోపు ఉంటే రెండు గేట్లనూ ఒకే తెరపై చూడండి, వాలుగా పడే గీత, వాలుగా లేచే గీత ఒకదాన్నొకటి దాటుతూ కనిపిస్తాయి.

నేనైతే మొదట బ్యాటరీని 24 వోల్టులకు మారుస్తాను. కరెంటు సగమైతే అదే నిరోధంలో నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంత లాభాన్ని ఏ ఖరీదైన ఐసీ కూడా ఇవ్వదు. అయితే 24 వోల్టుల దగ్గర మీ మాస్‌ఫెట్లతో పుష్-పుల్ అమరిక (మీరు కట్టినట్టు రెండు మాస్‌ఫెట్లు వంతులవారీగా నడిచేది) పనికిరాదు. అందులో ఆఫ్‌లో ఉన్న మాస్‌ఫెట్‌పై సరఫరాకు రెట్టింపు వోల్టేజీ పడుతుంది, దాని మీద స్పైకులు (క్షణకాలం ఎగిసే వోల్టేజీ). 55 వోల్టుల మాస్‌ఫెట్‌కు ఇక చోటు మిగలదు. అందుకే నాలుగు మాస్‌ఫెట్ల ఫుల్ బ్రిడ్జి: పైన ఒకటి, కింద ఒకటి ఉండే రెండు జతలు (వీటినే కాళ్లు అంటారు), వాటి నడుమ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట. రెండు భాగాలు పెరిగాయి కదా అంటారేమో. బ్రిడ్జిలో ఒక్కో మాస్‌ఫెట్‌పై సరఫరా వోల్టేజీ మాత్రమే ఉంటుంది, అందువల్ల 40 వోల్టుల రకం సరిపోతుంది, ఆ తరగతిలో 2 మిల్లీఓమ్‌ల మాస్‌ఫెట్లు మామూలుగా దొరుకుతాయి. సమాంతరంగా మూడు నాలుగు పెట్టే అవసరం తప్పుతుంది. ప్రైమరీ కూడా ఒకే చుట్ట, సగం రాగి ఎప్పుడూ ఖాళీగా ఉండే పరిస్థితి పోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇక్కడే ఉంది. ఆ బ్రిడ్జిని 50 హెర్ట్‌జ్ చదరపు తరంగంతో కాకుండా 20 కిలోహెర్ట్‌జ్ దరిదాపుల్లో సైన్ పల్స్‌విడ్త్ మాడ్యులేషన్‌తో, అంటే పల్సుల వెడల్పును సైన్ తరంగాన్ని అనుసరించి మారుస్తూ, నడపండి. అప్పుడు ఆ పల్సులను వడగట్టే ఫిల్టర్‌కు ఇండక్టరు కావాలి, కానీ అది మీ దగ్గర ఇప్పటికే ఉంది. ఈఐ పలకల (E, I ఆకారపు ఇనుప పలకలు పేర్చిన) ట్రాన్స్‌ఫార్మర్‌లో సహజంగా ఉండే లీకేజీ ఇండక్టెన్సే (ఒక చుట్ట నుంచి మరో చుట్టకు చేరని అయస్కాంత ప్రభావం వల్ల వచ్చేది) ఆ పని చేస్తుంది. 230 వోల్టుల వైపు నుంచి చూస్తే అది 2 మిల్లీహెన్రీలు అనుకోండి, అవుట్‌పుట్‌పై 4 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే రెండూ కలిసి సుమారు 1,800 హెర్ట్‌జ్ దగ్గర అనునాదం చెందుతాయి. 50కి చాలా పైన, 20,000కు చాలా కింద. శుభ్రమైన సైన్ తరంగం వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే వోల్టేజీ పెంచుతుంది, విద్యుత్ బంధాన్ని వేరు చేస్తుంది, వడపోత కూడా చేస్తుంది. టొరాయిడ్ (గుండ్రటి వలయం కోర్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్) వాడితే మాత్రం లీకేజీ చాలా తక్కువ, ప్రైమరీకి వరుసలో విడిగా చోక్ (ఇండక్టరు) పెట్టక తప్పదు.

కెపాసిటర్ పెద్దదైతే ఇంకా మంచిదనుకోవద్దు. 230 వోల్టుల దగ్గర 4 మైక్రోఫారడ్లే 0.29 ఆంపియర్లు లాగుతాయి. బ్యాటరీ వైపు చుట్ట 12 వోల్టులదైతే అక్కడ అది అయిదున్నర ఆంపియర్లు, లోడు లేకున్నా బ్రిడ్జి మోయాల్సిన భారం. రకం కూడా ముఖ్యమే: 400 వోల్టుల ఏసీకి తగిన ఫిల్మ్ కెపాసిటర్ వాడండి, దానికి అడ్డంగా ఛార్జి దిగిపోయేలా రెసిస్టరు పెట్టండి. ఆఫ్ చేశాక ముట్టుకున్నా అది గట్టిగా షాక్ కొట్టగలదు.

బ్యాటరీ వైపు చుట్ట ఎన్ని వోల్టులు ఉండాలి? 24 వోల్టుల బ్యాటరీ దిగిపోయినప్పుడు 21 వోల్టులు. సైన్ తరంగపు శిఖరం దాని వోల్టేజీకి 1.414 రెట్లు కాబట్టి, దాన్ని 1.414తో భాగిస్తే 14.8. దారిలో పోయేది తీసేస్తే 14 వోల్టుల చుట్ట ఆదర్శం. కొత్తగా చుట్టే తీరిక లేకపోతే మామూలు 230/12 ట్రాన్స్‌ఫార్మర్‌నే తిరగేసి వాడుకోవచ్చు, మిగిలిన తేడాను మాడ్యులేషన్ సర్దుతుంది. కరెంటు 25 ఆంపియర్లకు చేరుతుంది కాబట్టి ఆ చుట్ట తీగ అంతటిదై ఉండాలి. 14 వోల్టుల చుట్టతో అయితే 21 ఆంపియర్ల దగ్గర రెండు మాస్‌ఫెట్లు వరుసలో, వేడెక్కాక ఒక్కోటి 3 మిల్లీఓమ్‌లు: మొత్తం నష్టం రెండున్నర వాట్ల పైచిలుకు. మీ పాత 11 వాట్లతో పోల్చి చూసుకోండి.

గేట్లను నడిపే డ్రైవర్ ఐసీల విషయంలో ఒక ఉచ్చు ఉంది. విడిభాగాల సంఖ్య మాత్రమే చూస్తే ఐఆర్2104 చాలా ఆకర్షణీయం: ఒక్కో కాలికి ఒకే ఇన్‌పుట్, 520 నానోసెకన్ల విరామం లోపలే ఉంటుంది. కానీ అది గేటును లాగేసే కరెంటు 270 మిల్లీఆంపియర్ల వరకే హామీ. 150 నానోకూలుంబుల గేటు ఖాళీ కావడానికి 550 నానోసెకన్లు పడుతుంది, అంటే విరామం మొత్తం అక్కడే అయిపోయింది. తక్కువ నిరోధమున్న మాస్‌ఫెట్లకు గేటు ఛార్జి ఎక్కువగా ఉండటం మామూలే. అందుకే నేను 2 ఆంపియర్లు ఇచ్చే ఐఆర్2110 రెండు పెట్టి, విరామాన్ని మైక్రోకంట్రోలర్‌కు అప్పగిస్తాను. సైన్ పట్టిక, విరామం, అవుట్‌పుట్ నియంత్రణ, బ్యాటరీ 21 వోల్టులకు దిగితే ఆపడం, ఓవర్‌లోడ్ కత్తిరింపు: వీటన్నిటికీ ఒకప్పుడు బోర్డు నిండా ఐసీలు ఉండేవి, ఇప్పుడు ఒక్క చిప్ చాలు.

బ్రిడ్జిలో ఒక కాలు 20 కిలోహెర్ట్‌జ్ దగ్గర, రెండోది 50 హెర్ట్‌జ్ దగ్గర మారేలా ప్రోగ్రామ్ రాస్తే స్విచింగ్ నష్టం దాదాపు సగమవుతుంది. ఒక్క జాగ్రత్త: నెమ్మది కాలిలో పై మాస్‌ఫెట్ 10 మిల్లీసెకన్లు ఏకధాటిగా ఆన్‌లో ఉండాలి. ఐఆర్2110 పై భాగం 230 మైక్రోఆంపియర్ల దాకా తాగుతుంది, అంటే ఆ వ్యవధిలో 2.3 మైక్రోకూలుంబులు. ఆ పై భాగానికి శక్తినిచ్చే బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్ అయితే మధ్యలోనే ఖాళీ అయిపోతుంది. 10 మైక్రోఫారడ్లు పెడితే పావు వోల్టు మాత్రమే తగ్గుతుంది. “సగం తరంగం తెగిపోతోంది” అంటూ నా దగ్గరకు వచ్చిన బోర్డుల్లో నేను మొదట చూసేది ఈ కెపాసిటర్‌నే.

దక్షతను పూర్తి లోడు దగ్గరే కొలవడం నాకు నచ్చదు. ఇన్వర్టర్ ఎక్కువ సమయం గడిపేది చిన్న లోడుతోనే. ఖాళీగా 15 వాట్లు తాగితే రోజుకు 360 వాట్-అవర్లు, అది 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో అయిదో వంతు. ఇందులో పెద్ద వాటా ట్రాన్స్‌ఫార్మర్ ఇనుముదే. 20 చదరపు సెంటీమీటర్ల ఇనుప కోర్‌కు 1.2 టెస్లా అయస్కాంత సాంద్రత దగ్గర వోల్టుకు 1.88 చుట్లు వస్తాయి, 1 టెస్లాకు దిగితే 2.25 చుట్లు. రాగి కాస్త పెరుగుతుంది, ఇనుము నష్టం సుమారు 30 శాతం తగ్గుతుంది. విడిభాగం ఒక్కటి కూడా పెరగదు. చుట్టించే అవకాశం ఉంటే ఇది వదులుకోకండి.

ఎంత చిన్న సర్క్యూట్ అయినా నేను తీయనివి కొన్ని: బ్యాటరీ పక్కనే ఫ్యూజు, ప్రతి గేటుకూ 10 కిలోఓమ్‌ల పుల్‌డౌన్ (గేటును ఆఫ్‌లో ఉంచే రెసిస్టరు), గేటు వరుసలో 10 ఓమ్‌ల దాకా రెసిస్టరు, బ్రిడ్జిని ఆనుకుని తక్కువ అంతర్నిరోధమున్న కెపాసిటర్లు. బ్యాటరీ తీగలు రెండూ మెలిపెట్టి, పొట్టిగా ఉంచితే స్పైకులు అక్కడికక్కడే తగ్గుతాయి, స్పైకులను అణిచే స్నబ్బర్ సర్క్యూట్ కూడా చిన్నదైతే చాలు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ తగిలించకుండా గేటు తరంగాలు, వాటి మధ్య విరామం చూసుకోండి. తర్వాత బ్యాటరీకి వరుసలో 24 వోల్టుల బల్బు పెట్టి ఖాళీగా నడపండి. బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే, వెంటనే ఆపండి. మసకగా ఉంటే బల్బు తీసి ఖాళీ కరెంటు కొలవండి. ఆ అంకెతో పాటు మీ కోర్ కొలతలు ఇక్కడ రాస్తే చుట్ల లెక్క వేసి పెడతాను.