బరువు తగ్గకపోయినా కండ తగ్గిందని ఎలా తెలుస్తుంది?

చెన్నైలో ఆసుపత్రిలో పది రోజులుగా ఉన్న మీ నాన్నగారి బరువు అలాగే ఉన్నా, కండ కరిగిందని డాక్టరు ఎలా చెప్పారని అడిగారు. తూకాన్ని నమ్మకండి, ఒంట్లో నీరు చేరితే కండ పోయినా ముల్లు కదలదు. ముందు చూసేది చేతి పట్టు. పట్టు బలాన్ని కిలోల్లో చూపే గ్రిప్ మీటరు ఇచ్చి గట్టిగా పిండమంటారు. కండ తగ్గడం మీద పనిచేసే ఆసియా నిపుణుల బృందం 2019లో పెట్టిన లెక్కలో మగవారికి 28, ఆడవారికి 18 కిలోల కన్నా తక్కువైతే బలం తగ్గినట్టే. పిక్క చుట్టుకొలత మగవారికి 34, ఆడవారికి 33 సెంటీమీటర్లలోపు ఉన్నా అనుమానించాలి (కాళ్లు వాచి ఉంటే ఆ టేపు దండగ). కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు పట్టినా అంతే. ఇవేవీ కుదరకపోతే నేను ఒకటే అడుగుతాను: అడ్మిట్ కాకముందు బాత్రూముకి ఒక్కరే వెళ్లేవారా, గోడ పట్టుకునేవారా? ఆ జవాబు డాక్టరుకి తప్పకుండా చెప్పండి.