ఆర్చర్ సి6లో ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ ఫెయిల్ అవుతోందా? ముందు అడుగున స్టిక్కర్ చూడండి

టీపీ-లింక్ ఆర్చర్ సి6 రూటర్‌కి ఫోన్ నుంచి వైఫైలో ఫర్మ్‌వేర్ (రూటర్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తే ఎర్రర్ వస్తోంది, రూటర్ పోయిందేమో అన్నారు కదా. పోలేదండీ, టెన్షన్ వద్దు. పాత వెర్షన్‌తోనే నెట్ నడుస్తోందంటే రూటర్ ఆ ఫైల్‌ని ఒప్పుకోలేదని అర్థం, అంతే.

రూటర్ తిరగేసి అడుగున స్టిక్కర్ మీద హార్డ్‌వేర్ వెర్షన్ చూడండి. వి2, వి3 రెండూ ఆర్చర్ సి6లే, కానీ లోపల హార్డ్‌వేర్ వేరు, ఒకదాని ఫైల్ ఇంకోదానికి పనికిరాదు. అందుకే టీపీ-లింక్ ఇండియా సైట్‌లో మీ వెర్షన్ ఎంచుకుని మరీ దించుకోండి, యూట్యూబ్ కింద ఎవరో పెట్టిన లింకుల జోలికి పోవద్దు. వచ్చేది జిప్ ఫైల్, దాన్ని విప్పి లోపలున్న బిన్ ఫైల్‌నే ఇవ్వాలి. మీరు జిప్‌నే ఇచ్చారని నా అనుమానం.

ఈసారి ల్యాప్‌టాప్‌కి ల్యాన్ కేబుల్ పెట్టి చేయండి. మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్ బ్యాకప్ తీసుకుని, పీపీపీఓఈ (నెట్ కనెక్షన్ లాగిన్) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే అప్‌గ్రేడ్ తర్వాత ఒక్కోసారి అన్నీ చెరిగిపోతాయి, అప్పుడు ఆదివారం పూట కేబుల్ అబ్బాయి ఫోన్ ఎత్తడు. అన్నిటికన్నా ముఖ్యం కరెంటు. మన విజయవాడ ఎండల్లో ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి రూటర్‌ని ఇన్వర్టర్ లైన్‌లో పెట్టండి, ఫైల్ రాస్తుండగా కరెంటు ఆగిపోతే మాత్రం రూటర్ నిజంగానే పోవచ్చు.

ఫైబర్ కంపెనీ ఇచ్చిన డబ్బా ఉంటే దాన్ని మాత్రం ముట్టుకోకండి, దాని అప్‌డేట్లు మామూలుగా వాళ్లే చూసుకుంటారు.