హాస్పిస్ మంచిదో కాదో రాత్రి రెండు గంటలకు తెలుస్తుంది

మీ అత్తగారికి ఇక క్యాన్సర్ మందులు పనిచేయవన్నారని, హాస్పిస్ (జబ్బు నయం కాని దశలో నొప్పీ బాధా తగ్గిస్తూ చివరిదాకా చూసుకునేవాళ్లు) చూసుకోమన్నారని రాశారు. దగ్గర్లో ఉన్న రెండింటిలో ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలని అడిగారు. మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు మొదలుపెడితే మనిషి తొందరగా పోతారని మీ ఆడపడుచు భయపడుతున్నారని కూడా అన్నారు. నేను డాక్టర్నీ కాదు, నర్సునీ కాదండీ. మా నాన్నని చివరి రెండున్నర నెలలు ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్న కూతుర్ని. ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్ వెన్నెముకకీ తుంటికీ పాకింది. మధ్యలో మేం హాస్పిస్ మార్చాల్సి వచ్చింది. అదే మనిషిని, అదే జబ్బుని రెండు చోట్లవాళ్లు ఎంత తేడాగా చూశారో దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

మొదటివాళ్లని ఎంచుకున్నది వాళ్లు మాట్లాడిన తీరు నచ్చి. ఆఫీసు శుభ్రంగా ఉంది, ఫోన్లో మర్యాదగా మాట్లాడారు, ఫారాలు నింపించుకుని మర్నాడే మనిషిని పంపారు. పగటిపూట ఏ లోటూ కనిపించలేదు. బీపీ చూసేవారు, మాత్రలు ఇచ్చేవారు, వెళ్లిపోయేవారు. పదిహేను రోజుల తర్వాత ఒక రాత్రి రెండింటికి నాన్న తుంటి పట్టుకుని మూలగడం మొదలుపెట్టారు. వాళ్లిచ్చిన ఇరవై నాలుగు గంటల నంబరుకి ఫోన్ చేశాను. ఎవరో తీసి పేరు రాసుకున్నారు. "డాక్టరుగారు పొద్దున్న చూస్తారమ్మా, మరీ ఓర్చుకోలేకపోతే అంబులెన్స్ పిలవండి" అన్నారు. నాన్నకి ఏం మందు నడుస్తోందో, ఎంత డోసో ఆ మనిషికి తెలీదు. డోసు పెంచమని చెప్పే అధికారమూ లేదు. పొద్దున్న ఎనిమిది దాకా అమ్మా నేనూ చెరోవైపు కూర్చున్నాం. ఆయన దిండు అంచు నోట్లో పెట్టుకుని కొరుకుతున్నారు, మాకు వినపడకూడదని. అది ఇప్పటికీ మర్చిపోలేదు నేను.

అందుకే మీరు మొదట అడగాల్సింది రాత్రి సంగతి. రాత్రి ఫోన్ ఎత్తేది నర్సా, లేక కాల్ సెంటరా? ఆ మనిషి ముందు రోగి కాగితాలు ఉంటాయా? మందు పెంచమని అప్పటికప్పుడు చెప్పగలరా? అవసరమైతే రాత్రే ఇంటికి వస్తారా, వస్తే ఎంతసేపట్లో? "ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉంటాం" అని అందరూ రాసుకుంటారు. పోయిన వారం రాత్రిపూట ఎవరింటికైనా వెళ్లారా, ఏం చేసి వచ్చారు అని అడిగి చూడండి. నిజంగా వెళ్లేవాళ్లు పేరు చెప్పకుండా ఆ రాత్రి ఏం జరిగిందో చెప్తారు. వెళ్లనివాళ్లు మళ్లీ బ్రోచర్లో మాటలే చెప్తారు.

రెండోది, నొప్పిని ఎలా చూస్తారన్నది. నా మటుకు సగం మార్కులు దీనికే. మొదటివాళ్లు "నొప్పి వచ్చినప్పుడు వేయండి" అని మార్ఫిన్ మాత్రలు ఇచ్చి వెళ్లారు. నాన్నేమో అడగకుండా ఓర్చుకునే మనిషి. రెండోచోట నుంచి వచ్చిన నర్సు మొదటి రోజే గంటన్నర కూర్చుంది. మంచం పక్కన కుర్చీ వేసుకుని, "నొప్పి ఉందా" అని కాకుండా, "ఎక్కడ మొదలై ఎటు పోతుంది, మంటగా ఉంటుందా, సలుపుతుందా, పక్కకి తిరిగితే పెరుగుతుందా, రాత్రి దానివల్ల మెలకువ వస్తుందా" అని ఒక్కొక్కటీ అడిగింది. సున్నా నుంచి పదిలో ఎంత అని అడిగితే నాన్న మూడు అన్నారు. ఆవిడ ఆయన చెప్పింది రాసుకుని, దుప్పటి సర్దుతున్నట్టు కాలు కొంచెం జరిపి, ఆయన నుదురు చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. నావైపు తిరిగి, "ఈయన మాట కాదమ్మా, ఈయన నుదురు చూస్తూ ఉండండి" అంది. ఆ తర్వాత మేం నొప్పి తెలుసుకున్నదంతా ఆ నుదురు చూసే.

మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది దాదాపు నాలుగు గంటలు. కాబట్టి నొప్పి వచ్చేదాకా ఆగకూడదు, గడియారం చూసి వేయాలి. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఒక చిన్న డోసు చేతిలో ఉంచాలి. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టిన సిసిలీ సాండర్స్ అంతకు ముందు నుంచే ఇలా వేళ ప్రకారం ఇచ్చి చూపించారు. ఆవిడ నర్సుగా, సోషల్ వర్కరుగా, డాక్టరుగా మూడు చదువులూ చదివారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పి గురించి ఇచ్చిన సూచనల్లోనూ నోటి ద్వారా, గడియారం ప్రకారం, మెట్లు మెట్లుగా ఇమ్మనే ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా "నొప్పి వస్తే వేయండి" అని మాత్రమే చెప్పే హాస్పిస్‌ని నేను నమ్మను.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. మార్ఫిన్ రాసిన రోజే విరేచనం సాఫీగా అవడానికి మందు కూడా రాశారా అని చూడండి. మార్ఫిన్ వేసుకునే వాళ్లలో దాదాపు అందరికీ మలబద్ధకం వస్తుంది, అది అలవాటు పడితే పోయేది కాదు. వాంతి వచ్చినట్టు ఉండడం మాత్రం కొన్నాళ్లకి తగ్గుతుంది. రెండో నర్సు వచ్చిన ప్రతిసారీ అడిగిన మొదటి ప్రశ్న "ఎప్పుడు వెళ్లారు" అనే. మొదటిచోట ఉన్నన్నాళ్లూ ఒక్కరూ అడగలేదు. నాన్న ఆరు రోజులు వెళ్లలేక పొట్ట బిగిసి బాధపడ్డారు, అదీ జబ్బులో భాగమే అనుకుని ఊరుకున్నాం మేం.

మీ ఆడపడుచుగారి భయం గురించి చెప్తాను, ఎందుకంటే మా అమ్మదీ అదే భయం. నొప్పికి తగ్గట్టు తక్కువతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వెళ్తే మార్ఫిన్ ప్రాణం తీయదు. ఆయాసానికి కూడా చిన్న డోసులో ఇస్తారు. నాన్నకి నొప్పి అదుపులోకి వచ్చాక మొదటి రెండు రోజులూ బాగా నిద్రపోయారు, అమ్మ హడలిపోయింది. అన్నాళ్ల నిద్ర బాకీ తీర్చుకున్నారు, అంతే. మూడో రోజు దిండుకి ఆనుకుని కూర్చుని కళ్లజోడు అడిగారు. ఆ తర్వాత ఆయన మాతో మాట్లాడిన వారాలన్నీ ఆ మందు ఇచ్చినవే అనుకుంటాను. అలాగని కళ్లు మూసుకుని ఇవ్వమని కాదు. ఒక దశలో నిద్రలో నాన్న చేతులు ఉలిక్కిపడ్డట్టు ఎగిరేవి. ఫోన్ చేస్తే నర్సు వెంటనే "మూత్రం ఎంత వస్తోంది" అని అడిగింది. కిడ్నీలు మందగిస్తే మార్ఫిన్ తాలూకు పదార్థాలు ఒంట్లో పేరుకుని అలా అవుతుందట. అదే రోజు డాక్టరుతో మాట్లాడి మందు మార్చారు, రెండు రోజుల్లో తగ్గింది. హాస్పిస్‌వాళ్లకి మార్ఫిన్ అంటే భయం ఉండకూడదు, అలాగని గమనింపూ తగ్గకూడదు. మీ ఆడపడుచుగారిని ఆ నర్సు ఎదురుగా కూర్చోబెట్టి ఈ ప్రశ్నే అడగనివ్వండి. విసుక్కోకుండా, ఆవిడ భయాన్ని చిన్నబుచ్చకుండా జవాబు చెప్తే మీకు సగం తెలిసిపోయినట్టే.

లైసెన్సులు, తనిఖీ రిపోర్టులు దొరికితే చూడండి. అవి ఉండాల్సినవే, కానీ వాటితో సరిపెట్టుకోకండి. ఒక్కో నర్సు చేతిలో ఎంతమంది రోగులున్నారు, ప్రతిసారీ ఒకే నర్సు వస్తుందా, ఇంట్లో మావల్ల కాకపోతే కొన్నాళ్లు మీ దగ్గర చేర్చుకుంటారా, ఈ మూడూ అడగండి. డబ్బు లెక్క కాగితం మీద రాయించుకోండి, రాత్రి వస్తే అదనంగా తీసుకుంటారేమో ముందే తేల్చుకోండి. ఇన్ని రోజులే ఉంటారని ఖాయంగా చెప్పేవాళ్లూ, ఇవాళే సంతకం పెట్టమని తొందరపెట్టేవాళ్లూ వద్దు.

అక్కడ సేవ తీసుకున్న కుటుంబాలు తెలిస్తే మాట్లాడండి. "బాగా చూశారా" అని అడిగితే దుఃఖంలో ఉన్నవాళ్లు "బాగానే చూశారండీ" అంటారు, అంతకుమించి చెప్పలేరు. "చివరి మూడు రోజుల్లో ఎవరెవరు వచ్చారు, ఎన్నిసార్లు?" అని అడగండి. ఇది ఊరికే నాకు తోచింది కాదు. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ బీమా హాస్పిస్‌ల నాణ్యతని కొలిచేటప్పుడు చూసేవాటిలో ఇదొకటి. చివరి మూడు రోజుల్లో కనీసం రెండు రోజులు నర్సో సోషల్ వర్కరో మనిషిని చూడ్డానికి వచ్చారా అని లెక్క తీస్తారు. ఇంటివాళ్లకి మనిషి తోడు అన్నిటికంటే అవసరమయ్యేది ఆ రోజుల్లోనే.

మాకు ఆ రోజులు రాకముందే నర్సు నన్నూ అమ్మనీ వంటింట్లోకి పిలిచి కూర్చోబెట్టింది. ఏమేం జరుగుతాయో ఒక్కొక్కటీ చెప్పింది. తిండి, నీళ్లు వద్దంటారు, బలవంతం చేయకండి, ఒళ్లు ఇక వాటిని తీసుకోలేదు, పెదాలు మాత్రం తడుపుతూ ఉండండి. చేతులూ కాళ్లూ చల్లబడతాయి, మోకాళ్ల దగ్గర చర్మం మచ్చలు మచ్చలుగా రంగు మారుతుంది. ఊపిరి కాసేపు ఆగి మళ్లీ వస్తుంది. గొంతులో గురగురమని చప్పుడు రావచ్చు, వినడానికి మీకు భయంగా ఉంటుంది కానీ స్పృహ లేని ఆయనకి దానివల్ల బాధ ఉండదని నమ్మండి, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి నాకు ఫోన్ చేయండి. మాట వినపడుతూ ఉండొచ్చు, మాట్లాడుతూనే ఉండండి. ఇవన్నీ చెప్పి ఒక నోటుపుస్తకంలో రాసింది, పక్కన ఏది కనిపిస్తే ఏ మందు, ఎంత అని కూడా. ఆ మందులు ఒక చిన్న డబ్బాలో పెట్టి, దేనికి ఏదో చీటీ అంటించి, ముందుగానే ఇంట్లో ఉంచింది. "రాత్రి మందు కోసం ఎవరూ పరుగెత్తకూడదు" అంది.

చివరి రాత్రి గొంతులో ఆ చప్పుడు మొదలైనప్పుడు అమ్మ పుస్తకం తెరిచి ఆ పేజీ మీద వేలు పెట్టింది. నేను నాన్నని ఎడమపక్కకి తిప్పాను. ఫోన్ రెండోసారి మోగేలోపే నర్సు తీసి నాన్నని పేరుతో అడిగింది. డబ్బాలో ఏ మందు వేయాలో చెప్పి, ముప్పావుగంటకి తనే మళ్లీ ఫోన్ చేసింది. తెల్లారకముందే వచ్చింది. మేం అంబులెన్స్ పిలవలేదు, ఐసీయూ అన్న మాటే రాలేదు. నాన్న తన మంచం మీదే, నుదురు ముడిపడకుండా వెళ్లారు.

తర్వాత పది రోజులయ్యాక ఒకసారి, నెలయ్యాక ఒకసారి హాస్పిస్‌వాళ్లు అమ్మకి ఫోన్ చేసి మాట్లాడారు. మీరు ఇది కూడా అడగండి, మనిషి పోయాక ఇంట్లోవాళ్లని పలకరిస్తారా అని. ఇది వాళ్ల పనిలో భాగమే, మొహమాటపడక్కర్లేదు.

ఒకచోట చేరాక బాగాలేదనిపిస్తే మార్చుకోవచ్చు. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే పందొమ్మిది రోజులు ఆగేదాన్ని కాదు. ఇలాంటి సమయంలో మార్పు ఎందుకులే అని ఊరుకోకండి.

రెండు నంబర్లూ మీ దగ్గర ఉన్నాయి కదా. ఇవాళ రాత్రి పదకొండు దాటాక రెండింటికీ ఒక్కోసారి ఫోన్ చేయండి. అబద్ధం చెప్పక్కర్లేదు. "మా అత్తగారిని మీ దగ్గర చేర్పించాలనుకుంటున్నాం, రాత్రిపూట మాకు ఎవరు పలుకుతారో తెలుసుకుందామని చేశాం, మీకు ఇప్పుడు వీలవుతుందా" అని అడగండి. ఎవరు ఎత్తారు, ఎన్ని రింగులకి, ఏమన్నారు అన్నది కాగితం మీద రాసుకోండి. కావాలంటే అది ఇక్కడ పెట్టండి, చూసి నాకేమనిపించిందో చెప్తాను.